పాప్ టెస్ట్ రిపోర్టులో తేడా వచ్చాక: పేషెంట్ల వెంట ఉండే పనిలో నా అనుభవం

నేను నర్సుని. గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ టెస్ట్‌లో తేడా వచ్చిన ఆడవాళ్లను తర్వాతి పరీక్షకు రప్పించడం, అవసరమైతే చికిత్స చేయించడం, చికిత్స అయ్యాక మళ్లీ పరీక్షలకు పిలవడం నా బాధ్యత. ఈ విభాగానికి వచ్చింది శాంపిల్ తీయడం నేర్చుకునే. అది కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రిపోర్టు వచ్చాక మొదలయ్యే పని మాత్రం నెలల తరబడి, కొందరి విషయంలో ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ పని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి రాస్తున్నాను.

నేను చేరినప్పుడు మా దగ్గర ఒక మాట అలవాటుగా ఉండేది. శాంపిల్ ఇచ్చి వెళ్తున్నవాళ్లతో "ఏమైనా ఉంటే మేమే ఫోన్ చేస్తాం, ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టే" అనేవాళ్లు. వినేవాళ్లకు ఊరటగా ఉంటుంది. కానీ ఈ పనిలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఫోన్ రాకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. నంబరులో ఒక అంకె తప్పు పడి ఉండొచ్చు. శాంపిల్ ల్యాబ్‌కే చేరకపోయి ఉండొచ్చు. చేరినా కణాలు సరిపోలేదని, మళ్లీ తీసి పంపమని వెనక్కి వచ్చి ఉండొచ్చు. రిపోర్టు వచ్చిన రోజు చూడాల్సిన డాక్టరు సెలవులో ఉంటే అది ఫైల్లోనే ఉండిపోవచ్చు. వీటిలో ఏది జరిగినా, ఆవిడ మాత్రం తనకేమీ లేదనే నమ్మకంతో ఇంట్లో ఉంటుంది.

అందుకే ముందు ఆ మాట మార్చాం. "రిపోర్టు ఎలా వచ్చినా చెబుతాం. ఈ తేదీ దాటినా మా నుంచి కబురు లేకపోతే మీరే ఫోన్ చేయండి" అని చెప్పి, ఆ తేదీ కాగితం మీద రాసి చేతికిస్తాం.

తర్వాత రిజిస్టరు. శాంపిల్ ఎప్పుడు తీశాం, రిపోర్టు ఎప్పుడొచ్చింది, అందులో ఏముంది, ఆవిడకు ఎవరు చెప్పారు, తర్వాత ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేశారా, దాని ఫలితం ఏమిటి అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఇప్పుడది కంప్యూటర్లో ఉంది, తేదీ దాటితే ఎర్రగా చూపిస్తుంది. అయినా ప్రతి కేసుకూ ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలని పట్టుబట్టాను. అందరి బాధ్యత అని వదిలేసిన కేసు ఎవరూ చూడని కేసు అవుతుంది. అపాయింట్‌మెంట్ ఇచ్చినంత మాత్రాన కేసు క్లోజ్ చేయకూడదన్నది మేం పెట్టుకున్న ఇంకో నియమం. ఆవిడ రావాలి, పరీక్ష జరగాలి, ఫలితం మాకు అందాలి, అది ఆవిడకు తెలియాలి. ఈ నాలుగూ అయ్యేదాకా ఆ పేరు వారం వారం మా ముందుకు వస్తూనే ఉంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే ఈ జబ్బు తీరే అలాంటిది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ వైరస్‌లో చాలా రకాలున్నాయి, అందులో 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. వైరస్ సోకిన వాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్ దాకా వెళ్లడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో, ఉదాహరణకు హెచ్ఐవీ ఉండి మందులు వాడనివాళ్లలో, 5 నుంచి 10 ఏళ్లలోనే రావచ్చు. అంటే ముందే పట్టుకోవడానికి బోలెడంత వ్యవధి ఉన్న జబ్బు ఇది. అయినా 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.6 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 3.5 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పరీక్షే అందనివాళ్లు. కానీ పరీక్ష చేయించుకుని, తేడా ఉందని తేలి, ఆ తర్వాత మధ్యలో ఎక్కడో తప్పిపోయినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్ల సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

అలా వదిలేస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ చరిత్ర చెబుతుంది. అక్కడి ఒక పెద్ద ఆసుపత్రిలో 1960ల నుంచి కొన్నేళ్లపాటు, ముఖద్వారం కణాల్లో సీఐఎన్ 3 అనే తీవ్రమైన మార్పు ఉన్న కొందరు ఆడవాళ్లకు సరైన చికిత్స చేయకుండా గమనిస్తూ ఊరుకున్నారు. తమ మీద అలాంటిదొకటి జరుగుతోందని వాళ్లలో చాలామందికి తెలియదు. దాని మీద న్యాయ విచారణ జరిగి 1988లో నివేదిక వచ్చింది. ఆ రికార్డులను తర్వాత పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బయాప్సీతోనే, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడంతోనే, సరిపెట్టి వదిలేసినవాళ్లలో 30 ఏళ్లలో దాదాపు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగ్గా చికిత్స అందినవాళ్లలో అది ఒక శాతం కూడా లేదు. కొత్తగా వచ్చే నర్సులకు నేను మొదట చెప్పేది ఈ రెండు అంకెలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 90-70-90 అని లక్ష్యం పెట్టింది: 90 శాతం ఆడపిల్లలకు టీకా, 70 శాతం ఆడవాళ్లకు పరీక్ష, తేడా ఉన్నవాళ్లలో 90 శాతం మందికి చికిత్స. టీకా గురించి, పరీక్ష గురించి పోస్టర్లు కనిపిస్తాయి. ఆ చివరి 90కి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని ఫోన్లు చేయాలి.

ఆ ఫోన్ గురించి కాస్త వివరంగా చెబుతాను.

ఫోన్ చేసే ముందు రిపోర్టు పూర్తిగా చదువుతాను. పాత రిపోర్టులు, వయసు, గర్భంతో ఉన్నారా, నెలసరి ఆగిపోయిందా అన్నవి చూస్తాను. తర్వాత ఏం చేయాలో డాక్టరుతో ముందే మాట్లాడుకుంటాను. ఆస్కస్ (మార్పు ఉందో లేదో తేల్చలేనిది) అని వస్తే ఒక దారి, ఎల్‌సిల్ (తేలికపాటి మార్పు) అయితే ఒక దారి, హెచ్‌సిల్ (తీవ్రమైన మార్పు) అయితే ఇంకో దారి. పాప్ మామూలుగానే ఉన్నా హెచ్‌పీవీ 16 గానీ 18 గానీ ఉంటే కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దగా చూపించే పరికరంతో చూసే పరీక్షకు, పంపాల్సిందే. ఖాళీగా ఉన్న తేదీలు రెండు మూడు దగ్గర పెట్టుకున్నాకే నంబరు నొక్కుతాను. తేదీ లేకుండా "మీకు ఇంకో పరీక్ష చేయాలి, ఎప్పుడో తర్వాత చెబుతాం" అంటే ఆవిడకు మిగిలేది టెన్షన్ ఒక్కటే. సెలవులకు ముందు రోజు సాయంత్రం కూడా చేయను. సందేహం వస్తే అడగడానికి ఆ రెండు రోజులూ ఎవరూ ఉండరు.

ఫోన్ ఎవరు ఎత్తుతారో తెలియదు. కాబట్టి శాంపిల్ తీసే రోజే అడిగి రాసుకుంటాం: ఏ నంబరుకు చేయాలి, ఏ వేళలో చేయాలి, ఇంకెవరైనా ఎత్తితే ఏమనాలి, మెసేజ్ పెట్టొచ్చా. ఇంట్లో తెలియకూడదని ఎవరైనా అంటే కారణం అడగం. వేరేవాళ్లు ఎత్తినప్పుడు "క్లినిక్ నుంచి, ఆవిడతో మాట్లాడాలి" అనడంతో ఆపేస్తాను. ఎంత దగ్గరివాళ్లయినా సరే.

ఆవిడే ఎత్తి, మాట్లాడటానికి వీలుందంటే ఇలా చెబుతాను: "అమ్మా, మీ పరీక్షలో కొన్ని కణాల్లో మార్పు కనిపించింది. క్యాన్సర్ అని తేలలేదు. ఆ మార్పు ఎంత ఉందో దగ్గరగా చూడాలి. దానికి తేదీ ఇస్తాను." అంతే. తర్వాత ఆగుతాను. "మార్పు" అన్న మాట చెవిన పడ్డాక చాలామందికి మిగతాది వినపడదు. అందుకే ముఖ్యమైనది ఆ మూడు నాలుగు చిన్న మాటల్లోనే ఉండాలి. మిగతాది ఆవిడ అడిగే ప్రశ్నలను బట్టి చెబుతాను.

ధైర్యం చెప్పడం కోసం "ఏం కాదులెండి" అని మాత్రం అనను. ఏం కాదన్నప్పుడు రావడం దేనికని మానేస్తారు. అలాగని భయపెట్టినా రారు. హెచ్‌సిల్ వచ్చినవాళ్లతో "ఇది వదిలేయకూడనిది. ఇప్పుడు చూసుకుంటే చికిత్స చిన్నది" అని స్పష్టంగా అంటాను. ఎల్‌సిల్ వచ్చిన పాతికేళ్ల అమ్మాయితో అదే గొంతులో మాట్లాడితే ఆ పిల్ల నిద్ర పాడుచేసినట్టే. ఆ తేడా మాట తీరులో కూడా వినపడాలి.

చివర్లో "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆ" అంటారు. దాని బదులు "ఇంటికెళ్లాక మీవాళ్లు అడిగితే ఏమని చెబుతారు?" అని అడుగుతాను. "క్యాన్సర్ మొదలైందట" అని జవాబొస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకొస్తాను. విసుక్కోకుండా చెప్పాలి. ఆ వేళలో అన్నీ ఒక్కసారికి ఎక్కవు.

ఇంకో ప్రశ్న ఉంటుంది. చాలామంది మొదటిసారి అడగరు, తర్వాత తామే ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడుగుతారు. "ఈ వైరస్ ఎలా వస్తుంది మేడమ్? మా ఆయన వల్లా?" దీనికి నేనెప్పుడూ ఒకే జవాబు చెబుతాను. ఇది శరీర సంబంధం వల్ల సోకే వైరస్సే. కానీ ఇది సోకిన ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఈ రిపోర్టు చూసి అది ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. శారీరక సంబంధం ఉన్నవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఇందులో మీ తప్పు లేదు, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. కావాలంటే మీ ఆయన్ను కూడా తీసుకురండి, ఇదే మాట ఆయనకూ చెబుతాను. ఈ ఒక్క సందేహం తీరక ఇంట్లో గొడవలై పరీక్షకు రావడం మానేసినవాళ్లను చూశాను. వైద్యం కంటే ముందు తీర్చాల్సిన సందేహం ఇది.

రానివాళ్లను అజాగ్రత్త మనుషులనుకోవడం మా రంగంలో ఉన్న ఒక చెడ్డ అలవాటు. ఫైల్ మీద "పేషెంట్ రాలేదు" అని రాసి పక్కన పెడతారు. ఎందుకు రాలేదో అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. పనిలో సెలవు దొరకలేదు. ఇంట్లో మంచం మీదున్న పెద్దావిడను వదిలి రావడానికి వేరే మనిషి లేదు. ఆ తేదీకి నెలసరి వచ్చింది, మార్చమని అడగొచ్చని తెలియలేదు. మగ డాక్టరు చూస్తారేమోనని ఆగిపోయింది. ఖర్చు ఎంతవుతుందో తెలియక ఊరుకుంది. ఇంకొందరు "నాకు నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, రక్తం పడటం లేదు, ఇంక దేనికి?" అంటారు. ఈ దశలో ఏ లక్షణమూ ఉండదని, లక్షణాలు కనిపించకముందే చూడటానికే ఈ పరీక్ష ఉందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. "వస్తారా?" అని అడగడం మానేసి "రావడానికి ఏమైనా అడ్డం ఉందా?" అని అడగడం మొదలుపెట్టాక ఈ కారణాలన్నీ బయటికి రాసాగాయి. కారణం తెలిస్తే సగం వాటికి మా దగ్గరే పరిష్కారం ఉంటుంది.

హెచ్‌సిల్ వచ్చిన ఒకావిడ ఎప్పుడు ఫోన్ చేసినా మర్యాదగా మాట్లాడేది, వచ్చే వారం వస్తాననేది, వచ్చేది కాదు. ఒక రోజు తేదీ సంగతి పక్కన పెట్టి, ఆ గదిలోకి రావాలంటే ఏం ఇబ్బందిగా ఉంటుందమ్మా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చాలా ఏళ్ల కిందట వేరే చోట పరీక్ష చేస్తున్నప్పుడు నొప్పికి కదిలిందట. అక్కడివాళ్లు కసిరారట. అప్పటి నుంచి ఆ బల్ల అంటేనే ఒళ్లు బిగుసుకుపోతుందని చెప్పింది. ముందు ఏ పరీక్షా లేకుండా ఊరికే రమ్మన్నాను. వచ్చి గది చూసింది, పరీక్షకు లోపల పెట్టే స్పెక్యులమ్ అనే పరికరాన్ని చేత్తో పట్టుకుని చూసింది, డాక్టరమ్మతో మాట్లాడింది. ఆవిడ ఎప్పుడు "ఆపండి" అన్నా అక్కడికక్కడ ఆపేస్తామని ఒప్పుకున్నాం. తర్వాత పరీక్షకు వచ్చింది. మధ్యలో ఒకసారి ఆపమంది, ఆపాం, కాసేపటికి తనే కానివ్వమంది. బయాప్సీలో సీఐఎన్ 3 అని వచ్చింది. చికిత్స అయింది. ఇప్పుడు తన తేదీలకు తనే వస్తోంది.

కాల్పోస్కోపీ అంటే ఏం చేస్తారో ముందే చెబితే భయం చాలా తగ్గుతుంది. పాప్ టెస్ట్‌కు పడుకున్నట్టే పడుకోవాలి. పెద్దగా చూపించే పరికరం బయటే ఉంటుంది, లోపలికి వెళ్లదు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ ద్రావణం అద్దుతారు, కొంచెం మంటగా అనిపించొచ్చు. మారిన కణాలున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. అక్కడి నుంచి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, గిల్లినట్టు ఉంటుంది. ఒకటి రెండు రోజులు కాస్త రక్తపు మరకలు కనిపించొచ్చు. నొప్పే ఉండదని నేను చెప్పను. కొందరికి నొప్పి ఎక్కువగానే ఉంటుంది, అది ముందే ఒప్పుకోవాలి. గర్భంతో ఉన్నవాళ్లకు కూడా కాల్పోస్కోపీ చేయొచ్చు. ముఖద్వారం లోపలి గొట్టాన్ని గీకి తీసే పరీక్ష మాత్రం వాళ్లకు చేయరు. క్యాన్సర్ అనే అనుమానం లేకపోతే చికిత్సను కాన్పయ్యాకే పెట్టుకుంటారు. నెలసరి ఆగిపోయినవాళ్లలో చాలామందికి చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోయి సరిగ్గా కనపడదు. అలాంటప్పుడు కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడించి మళ్లీ పిలుస్తారు. ఈ "మళ్లీ" దగ్గర చాలామంది ఆగిపోతారు, కాబట్టి వాళ్ల పేర్లకు నేను వేరే గుర్తు పెట్టుకుంటాను.

కాల్పోస్కోపీ అయ్యాక మా కంగారు కొంచెం తగ్గుతుంది. నిజానికి మనిషి మళ్లీ జారిపోయేది ఇక్కడే. బయాప్సీనే చికిత్స అనుకునేవాళ్లు ఎంతమందో! "ముక్క తీసేశారుగా మేడమ్, ఇంకేముంది?" అంటారు. తీసింది చూడటానికేనని, జబ్బు ఉంటే ఇంకా అక్కడే ఉంటుందని బల్ల దిగకముందే చెప్పాలి. ఫలితం ఏ రోజు చెబుతామో కూడా అప్పుడే చెప్పాలి. పాప్‌లో హెచ్‌సిల్ అని ఉండి, బయాప్సీలో ఏమీ లేదని వస్తే అది శుభవార్త అనుకుని వదిలేయడం ఇంకో ప్రమాదం. రెండూ కలవనప్పుడు డాక్టర్లు స్లైడ్లు మళ్లీ చూడాలి, అవసరమైతే పరీక్ష మళ్లీ చేయాలి. రిజిస్టర్లో ఈ రెండు రిపోర్టులూ పక్కపక్కనే ఉంటే ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

సీఐఎన్ 1, అంటే తేలికపాటి మార్పు, వచ్చినవాళ్లకు ఆగమని చెప్పడం అన్నిటికంటే కష్టం. "ఉందని తెలిశాక తీసేయకుండా ఎలా ఉండమంటారు?" అని కోపంగా అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. చాలావరకు అది దానంతటదే తగ్గిపోతుందని, అనవసరంగా కోసి తీస్తే తర్వాతి గర్భంలో నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం పెరుగుతుందని చెబుతాను. ఆగడమంటే వదిలేయడం కాదని, మళ్లీ ఏ నెలలో చూస్తామో అప్పుడే రాసిస్తానని కూడా చెబుతాను.

చికిత్స అవసరమైనవాళ్లకు ఎక్కువగా లీప్ చేస్తారు. ఆ చోటుకు మత్తు ఇచ్చి, కరెంటు పారే సన్నని తీగ చుట్టతో మారిన భాగాన్ని తీసేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. కొన్ని వారాలు నీళ్లలాగో, గోధుమ రంగులోనో స్రావం అవుతుంది. సుమారు నాలుగు వారాలు కలయిక వద్దని, లోపల ఏమీ పెట్టుకోవద్దని చెబుతాం. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావమైనా, జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా ఆగకుండా రమ్మంటాం. పొగతాగే అలవాటున్నవాళ్లకు అది మానమని గట్టిగా చెబుతాం, ఎందుకంటే పొగాకు వైరస్‌ను వదలనివ్వదు.

చికిత్స తర్వాత పరీక్షల విషయంలో ఒక్కో మార్గదర్శకం ఒక్కోలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 నెలలకు మళ్లీ పరీక్ష చేయమంటుంది. అమెరికాలో 2019లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం తీవ్రమైన మార్పుకు చికిత్స అయినవాళ్లు ఆరు నెలలకు హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలి, తర్వాత మూడేళ్లు ఏటా, ఆపైన మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లు. అంతకాలంలో మనిషి ఊరు మారుతుంది, నంబరు మారుతుంది, నర్సులూ డాక్టర్లూ మారతారు. అందుకే ప్రతి రిపోర్టు కాపీ, బయాప్సీ నంబరుతో సహా, ఆవిడ చేతికిస్తాం. ఏ చికిత్స ఏ తేదీన జరిగింది, తర్వాతి పరీక్ష ఎప్పుడు అన్నది ఒక పేజీలో రాసి ఫైలు మొదట్లో పెడతాం. ఎక్కడికెళ్లినా ఆ పేజీ చూపిస్తే చాలు.

అన్నీ విని కూడా వద్దన్నవాళ్లు ఉంటారు. ఆ హక్కు వాళ్లది. గదమాయించి రప్పించడం నాకు ఇష్టం లేదు, అలా వచ్చినవాళ్లు రెండోసారి రారు. వద్దన్నారని రాసి, ఇంకోసారి ఎప్పుడు అడగొచ్చో వాళ్లనే అడిగి, ఆ నెల వేసుకుంటాను.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఇంక ఏ పరీక్షా అక్కర్లేదనుకుంటారు. వేరే కారణాలకు ముఖద్వారంతో సహా తీయించుకుని, అంతకుముందు ఏ తేడా లేనివాళ్ల విషయంలో అది నిజమే. సీఐఎన్ 3 లాంటి మార్పు ఉండి తీయించుకున్నవాళ్లకు మాత్రం యోని పైభాగం నుంచి శాంపిల్ తీసి చూస్తూనే ఉండాలి. మొన్నామధ్య అలాంటి ఒకావిడకు ఫోన్ చేస్తే "గర్భసంచే లేదు కదమ్మా, ఇంకేం చూస్తారు?" అంది. విడమరిచి చెప్పాక ఫైలు పట్టుకుని వచ్చింది. రిపోర్టు బాగానే ఉంది. ఫోన్ చేసి ఆ మాట చెప్పి, వచ్చే ఏడాది తేదీ కూడా వేశాను.